తుడవని వారం

ఎనభైల చివర్లో మాచర్లలో నేను నడిపిన వ్యాన్ మా షావుకారుది. ఆయనది మిరపకాయల వ్యాపారం. ప్రాజెక్టు పనుల మీద వచ్చిన విదేశీ ఇంజనీర్లు వదిలేసి వెళ్లిన బండిని వేలంలో పాడుకున్నాడు. అప్పటికే దానికి వయసు మళ్లింది. అయినా ఊళ్లో ఏ బండికీ లేని హంగు ఒకటి దానికి ఉండేది. స్టీరింగు పక్కన చిన్న స్విచ్చి. ఒకవైపు నొక్కితే బండి మెత్తగా పోతుందని, రెండోవైపు నొక్కితే బిగువుగా పోతుందని చెప్పారు. నాలుగు చక్రాల దగ్గరా ఉన్న షాక్ అబ్జార్బర్ల నెత్తిన బుల్లి మోటార్లు తిరిగి ఆ మార్పు చేస్తాయట. మెత్తగా ఉండే వైపు నొక్కితే పచ్చలైటు వెలిగేది. చుట్టాలెవరైనా బండెక్కితే చాలు, షావుకారు వంగి స్విచ్చి నొక్కి, లైటు చూపించి, "జపాన్‌ది" అనేవాడు. లైటు చూసి వాళ్లకు గుంటలు కూడా మెత్తగానే తగిలేవి.

ఒక్క మనిషికి మాత్రం మెత్తగా తగల్లేదు. షావుకారు వాళ్ల అమ్మగారు దొడ్లో జారిపడితే నడుం దగ్గర ఎముక చిట్లింది. ప్రతి బుధవారం ఆమెను నరసరావుపేటలో ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. వెనక సీటు ఊడదీసి పరుపు వేసి పడుకోబెట్టేవాళ్లం. నాపరాళ్ల లారీలు తొక్కి తొక్కి ఆ రోడ్డు అప్పటికే పాడైపోయింది. గుంట వచ్చినప్పుడల్లా ఆమె "అమ్మా" అని మూలిగేది. మూలుగు వినపడగానే ముందు సీట్లో కూర్చున్న షావుకారు నా మీద పడేవాడు.

"ఏందిరా ఆ తోలడం? ఎనకాల ఉంది మనిషనుకున్నావా, మిరపకాయల బస్తా అనుకున్నావా?"

నాకు ముక్కు మీద కోపం. ఎదురు చెప్పలేక పళ్లు నూరుకునేవాణ్ని. సైకిళ్ల వాళ్లు నన్ను దాటిపోయేంత నెమ్మదిగా నడిపినా మూలుగు ఆగేది కాదు. చివరికి, ఈ ముసలామె నన్ను సాధించడానికే మూలుగుతోందని తేల్చుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు అలాగే అనుకున్నాను.

ఒక బుధవారం ఆస్పత్రి ముందు బండి ఆగగానే షావుకారు తేల్చి చెప్పేశాడు. అమ్మగారు ఇంకా వెనకాల పరుపు మీదే ఉన్నారు.

"వచ్చేవారం కూడా అమ్మ ఇట్టాగే మూలిగిందనుకో, తాళాలు బల్ల మీద పెట్టి పో. వెల్దుర్తి నుంచి ఒకడు వస్తానంటన్నాడు."

నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. గుంటల్లో బండి ఎగరేసి తోలతాడన్న పేరు ఒకసారి పడితే మాచర్లలో మళ్లీ ఎవరూ పిలిచి తాళాలివ్వరు. ఆ భయంతోనే ఆమెను లోపలికి చేర్చి, బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఉండే మెకానిక్ సాయిబుగారి దగ్గరికి పోయాను. వయసులో పెద్దాయన. అందరూ భాయ్ అనే పిలిచేవాళ్లు.

ఆయన వ్యాన్ వెనక మూల మీద బరువంతా వేసి కిందికి నొక్కి వదిలాడు. బండి లేచి, దిగి, మళ్లీ లేచింది.

"ఒక్కసారి లేచి ఆగాల. ఇది ఊగుతానే ఉంది" అన్నాడు. కిందికి దూరి చూసి, ముఖం చిట్లించుకుని బయటికొచ్చాడు. "ఈ ఎనక షాక్‌లు ఎవరు తుడిచారు?"

"నేనే భాయ్. రోజూ పొద్దున్నే కిరోసిన్ గుడ్డతో" అన్నాను గర్వంగా.

మా డ్రైవర్లకు అదొక పట్టింపు. తెల్లారగానే బండి కింద పడుకుని ఆయిల్ చెమ్మ కనపడిన చోటల్లా తుడిచేవాళ్లం. ఆయిల్ కారిందంటే యజమాని బండిని అనడు, డ్రైవర్‌నే అంటాడు. ఆ వెనక రెండూ రోజూ తడిసేవి, రోజూ తుడిచేవాణ్ని. ఎందుకు తడుస్తున్నాయని ఒక్కరోజూ ఆలోచించలేదు.

"రోగం కనపడకుండా తుడిచి పెట్టావు గదరా!" అని భాయ్ తల కొట్టుకున్నాడు. "వారం రోజులు కింద గుడ్డ పెట్టబాకు. వచ్చే బుధవారం ఆళ్లని దించేసి, ఎక్కడా ఆగకుండా ఇటే రా. దుమ్మూ చూడాల, వేడీ చూడాల."

ఆ వారమంతా చేతులు ఊరుకోలేదు. "ఏరా, పెళ్లాం వచ్చినాక బండి మీద మోజు తీరిందా?" అని తోటి డ్రైవర్లు ఏడిపించారు. కిరోసిన్ డబ్బా ఇంట్లోనే ఉంచి వెళ్లేవాణ్ని.

బుధవారం వచ్చింది. నా పనికి అదే ఆఖరి రోజు అనుకుంటూ బయల్దేరాను. గురజాల దాటాం. పిడుగురాళ్ల దాటాం. ఏ గుంట దగ్గరైతే ఆమె తప్పకుండా మూలుగుతుందో అక్కడ ఊపిరి బిగబట్టి దించాను. వెనక నుంచి చప్పుడు లేదు. నరసరావుపేట చేరేదాకా ఒక్క మూలుగు లేదు.

"ఇయ్యాల బాగా తోలావురా" అన్నాడు షావుకారు.

బతికాననుకున్నాను. ఆ వెంటనే ఒళ్లు మండింది. నా తోలడంలో ఏ మార్పూ లేదు, బండిలోనూ లేదు. మూలగకుండా ఉండగలిగిన మనిషి ఇన్నాళ్లూ ఎందుకు మూలిగినట్టు? సాధింపు కాకపోతే ఏంది? భాయ్ దగ్గరికి ఇక వెళ్లక్కర్లేదనిపించింది. ఆ మాట ఆయనకు చెప్పి, బండిలో రోగం లేదని వాదించడానికే వెళ్లాను.

భాయ్ నా మాట వినిపించుకోకుండా నన్ను కూడా బండి కిందికి లాగాడు. ముందువైపు షాక్‌ల మీద చెయ్యి పెట్టించాడు. చురుక్కుమంది. వెనకవాటి మీద పెట్టించాడు. ఆయిల్‌కి దుమ్ము అంటుకుని వేలి మందాన నల్లటి మడ్డి పేరుకుంది. దాని కింద ఇనుము చల్లగా ఉంది.

"పని చేసింది వేడెక్కుద్ది. ఇయ్యి మాచర్ల నుంచి ఒట్టినే ఎగిరి వచ్చినయ్. లోపల కుదుపు ఆపే ఆయిలంతా కారిపోయింది. ఎనకాల ఎవరు కూచుంటారు?"

"అమ్మగారు. నడుం బాగోదు, పడుకునే వస్తారు."

భాయ్ ఆ మడ్డిని వేలితో గీకి చూశాడు. "ఆమె ఎట్టా ఓర్చుకుంటందిరా?" అన్నాడు.

ఆస్పత్రికి పోయి షావుకారును పిలుచుకొచ్చాను. ఆయన చేత కూడా రెంటినీ ముట్టించాడు భాయ్. అయినా షావుకారు ఒప్పుకోలేదు. "లైటు వెలుగుతానే ఉందిగా!" అన్నాడు.

"లైటు స్విచ్చి సంగతే చెప్పుద్ది షావుకారూ. లోపల ఆయిలుందో లేదో దానికేం తెలుసు?"

అలాంటివి మద్రాసులో కూడా దొరకవని తేలింది. భాయ్ పాతవి విప్పి, ముడిచినప్పుడూ సాగదీసినప్పుడూ ఎంత పొడవో టేపుతో కొలిచి, ఆ కొలతకు సరిపోయే మామూలు షాక్‌లు బజారు నుంచి తెప్పించాడు. బిగింపుల దగ్గర కూర్చునే బుష్‌లు లేతు మిషను మీద చేయించి రెండువైపులా బిగించాడు. బుల్లి మోటార్లను వైర్లతో సహా పక్కకు కట్టేశాడు. మూల మీద నొక్కి వదిలితే ఈసారి బండి ఒక్కసారి లేచి ఆగింది.

పొద్దు వాలేవేళకు ఆస్పత్రికి వెళ్లి అమ్మగారిని పరుపు మీద పడుకోబెట్టాను. షావుకారు బజార్లో కమిషన్ కొట్టు దగ్గర ఎక్కుతానన్నాడు. బండిలో మేమిద్దరమే. రైలు గేటు దాటాక ఆమె అడిగింది.

"ఏం చేశార్రా బండికి? పట్టాల మీద కూడా నడుం కదల్లేదు."

చెప్పాను. రోజూ నేనే తుడిచిన సంగతి కూడా చెప్పాను. "తుడవకపోతే ఎప్పుడో కనపడేదమ్మా. తప్పు నాదే" అన్నాను. అయినా కోపం చల్లారక, కాస్త కటువుగానే అడిగాను. "మరి పొద్దున అసలు మూలగలేదేందమ్మా?"

"మూలిగితే ఆడు నీ తాళాలు తీసుకుంటాడుగా. పోయినవారం ఆడన్నది నేనూ విన్నాగా. కొంగు నోట్లో కుక్కుకుని పండుకున్నా."

బండి పక్కకు తీసి ఆపేశాను. స్టీరింగు మీద తల ఆన్చాను. ఏడుపు ఆగలేదు.

"ఏందిరా నాయనా, మళ్లీ ఏమన్నా చెడిందా?" అని ఆమె వెనక నుంచి కంగారుగా అడిగింది.

"ఏమీ లేదమ్మా" అని ముఖం తుడుచుకుని, బండి మళ్లీ రోడ్డెక్కించాను.