విచ్చుకోని పుట్టగొడుగులు

సెప్టెంబరు రెండో వారంలో ఆ సరిహద్దు సైనిక పోస్టుకు చేరాను. తొమ్మిది వేల అడుగుల ఎత్తు. చుట్టూ పైన్ చెట్లు, ఆగని వాన. ఒక బంకరు, ఒక రేడియో సెట్టు, ముగ్గురు మనుషులం. రేడియో ఆపరేటరుది హిందూపురం. నాది బెంగళూరు కాటన్‌పేట. వంటవాడు గఢ్వాల్ కొండల మనిషి.

నాలుగో రోజు కొండచరియ విరిగిపడి, సరుకులు మోసుకొచ్చే కంచరగాడిదల దారి తెగింది. గోధుమపిండి, ఉప్పు తప్ప ఏమీ మిగల్లేదు. వంటవాడు నన్ను పైన్ చెట్ల కిందికి తీసుకెళ్లి పుట్టగొడుగులు చూపించాడు. గొడుగు అడుగున రేకులుంటే ముట్టుకోకూడదు. స్పాంజిలా సన్నటి రంధ్రాలుండాలి. అవి ఎర్రగా ఉన్నా, కోస్తే నీలం తిరిగినా పారేయాలి.

"విచ్చుకోని మొగ్గలు అసలు తెంపకు. లోపల ఏముందో తెలియదు," అన్నాడు హిందీలో.

తొమ్మిదో రోజు అతనికి జ్వరం. నేనొక్కడినే వెళ్లాను. మంచివి నాలుగే దొరికాయి. పక్కనే రెండు తెల్ల మొగ్గలు. ఆకలి మీద వాటినీ సంచిలో వేశాను. వండిపెట్టి, నాలుగింటికి కాపలాకు వెళ్లాను. ఆరింటికి తిరిగొచ్చేసరికి గిన్నె ఖాళీ. జ్వరంతో వంటవాడు ఏమీ ముట్టలేదు.

"నీ వాటా కూడా తినేసినానప్పా. ఏమనుకోవద్దు," అన్నాడు ఆపరేటరు.

తెల్లారేసరికి అతనికి వాంతులు, విరేచనాలు. వంటవాడికి మొగ్గల సంగతి చెప్పాను.

"కింద బేస్‌కు చెప్పు," అన్నాడు.

సెట్టు ముందు కూర్చుని కడుపునొప్పి అని మాత్రమే చెప్పాను. భయం. కింది నుంచి జవాబొచ్చింది.

"మబ్బు కమ్మింది. తెరిపిస్తే హెలికాప్టరు పంపుతాం. ఓవర్."

మర్నాడు మబ్బు విడిచింది. ఆపరేటరు లేచి గడ్డం గీసుకున్నాడు, టీ తాగాడు. హెడ్‌సెట్ నా చేతిలోంచి తీసుకుని, తాను బాగానే ఉన్నానని, హెలికాప్టరు అక్కర్లేదని తనే చెప్పేశాడు. నేను అడ్డుపడలేదు. గండం గడిచిందనుకున్నాను.

మూడో రోజు కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు రేడియోలో అంతా చెప్పాను. మధ్యాహ్నం హెలికాప్టరు వచ్చింది. రెండు రోజులకు ఆసుపత్రిలో పోయాడు.

జనవరిలో సెలవు దొరికింది. ఇంటికి రాకముందే హిందూపురం వెళ్లి అతని భార్యకు జరిగింది చెప్పాను. 

"నాకెందుకు చెప్తివన్నా?" అంది ఆమె.

లేచి బెంగళూరు బస్సెక్కాను.

ఇప్పుడు సైన్యం వదిలి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా కాస్తున్నాను. యుద్ధం చూశారా అని అడుగుతారు. లేదంటాను. నేను చూసింది వేరు. ఆరోజు హెలికాప్టరులోకి స్ట్రెచరు ఎత్తేటప్పుడు ఆపరేటరు బూటు జారిపోయింది. ఉన్ని సాక్సు చిరిగి బొటనవేలు బయటికొచ్చింది. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"దుప్పటి కప్పప్పా. చిరుగు ఉండాది. చూస్తే నవ్వుతారు."