పెండ్లికొడుకు గోళ్లు

2010లో నేను హిందూపురం వదిలి మా పల్లెకు తిరిగొచ్చి, బస్టాపు పక్కన ఒకే కుర్చీతో సెలూన్ పెట్టాను. పల్లె నల్లమాడ వైపు ఉంది, పేరు రాయను. మాది క్షురక వృత్తి. హిందూపురంలో పనిచేసినన్నాళ్లూ కుర్చీలో కూర్చున్న మనిషిని కటింగా, షేవింగా అని అడగడమే తప్ప ఎవరివాడివని అడిగింది లేదు. మా ఊళ్లో అడగాల్సిన పనే లేదు, అందరి కులమూ అందరికీ తెలుసు.

అంతకు కొన్నేళ్ల ముందు వరకు మా ఊరి ఎస్సీ కాలనీవాళ్లకు ఊళ్లో ఎవరూ తల కత్తిరించేవారు కాదు, దానికోసం ధర్మవరం బస్సెక్కేవారు. చదువుకున్న కాలనీ పిల్లలు సంఘం పెట్టి, పెనుకొండలో ధర్నాకు కూర్చుని, ఎండలో మాడి ఆ పద్ధతి మాన్పించారు. నేను షాపు తెరిచేనాటికి వాళ్లు దర్జాగా వచ్చి కుర్చీలో కూర్చునేవారు. ఆ కొట్లాటలో నా చెమటచుక్క ఒక్కటీ లేదు.

ఒకరోజు కాలనీ ఓబులేసు వచ్చాడు. గోడలు కట్టే బేల్దారి పని చేస్తాడు. గడ్డం గీయించుకున్నాక కూడా లేవలేదు.

"మావానికి పెండ్లి పెట్టుకున్యాం అబ్బీ. పెండ్లికొడుకును చేసే పొద్దు ఇంటికొచ్చి గోళ్లు తీయాల."

నలుగు పెట్టేముందు పెండ్లికొడుకు గోళ్లు తీయడం మా వృత్తివాళ్ల పని. ఊళ్లో ఏ పెండ్లికైనా మా నాయన పొది వెళ్లాల్సిందే. పొది అంటే కత్తి, గోళ్లు తీసే గోరుగల్లు పెట్టుకునే తోలుసంచి. అది కాలనీ గడప మాత్రం ఎన్నడూ తొక్కలేదు. అక్కడ మేనమామో బావో బ్లేడుతో ఆ తంతు కానిచ్చేవారు.

"షాపుకు తోడుకొని రా అన్నా, బాగా చేసి పంపిస్తా" అన్నాను.

"షాపులో దుడ్లిచ్చినోనికి ఎవరికైనా చేస్తావు. పెండ్లికి ఇంటికొచ్చి చేస్తేనే కదబ్బా, మేమూ ఈ ఊరోళ్లమయ్యేది!"

సాయంత్రానికల్లా ఈ సంగతి ఊరంతా పాకింది. ఊరి పెద్దరైతు మనిషి చేత కబురు పంపాడు. కాలనీ ఇంట్లోకి పోతే మా ఇండ్లకు రావద్దు, మేర కూడా ఉండదు అని. మేరంటే ఏడాదంతా చేసిన పనికి కళ్లంలో మాకిచ్చే పంట వాటా. మా ఇంటి తిండి దానిమీదే నడిచేది. షాపు రాబడి అద్దెకే చాలేది కాదు. దాచడమెందుకు, నాకు భయమేసింది.

నాయన కత్తి నూరుకుంటూ విన్నాడు.

"ఏం జేద్దాం నాయనా?"

"చేసేదేముండాది? నువ్వు షాపు చూసుకో. పెండ్లికి నేను పోతా."

"మేర పోతాది కదా!"

"పోతే పోనీ. నువ్వు నేర్చిన పని యాడికీ పోదులే. ఆడ పెండ్లికొడుకు పీట మీద కూసోని నాకోసం చూస్తాంటే, రానని చెప్పేదానికి నాకు నోరు రాదు."

ఆ పొద్దు షాపు మూసి నేనూ వెంట వెళ్లాను. ఓబులేసు ఇంటి ముందు పందిట్లో నాయన అలవాటుగా మట్టిలో గొంతుక్కూర్చోబోతే, ఓబులేసు భార్య మారెక్క ఆపి చాప పరిచింది. గోళ్లు తీయడం అయిపోయాక కొత్త పంచె, తాంబూలం రెండు చేతులా ఇచ్చింది. ఊళ్లో రైతుల ఇండ్లలో పైనుంచి తువ్వాల్లోకి జారవిడిచేవారు. ఇంత బియ్యం, పప్పు పోసి పంపేవారే తప్ప పంక్తిలో కూర్చోమన్నవారు లేరు. అందుకే నాయన పొది చంకన పెట్టుకుని లేచాడు.

"యాడికి పోతాండావు మామా? పెండ్లికొడుకు పక్కనే నీకు ఆకేసినాం, కూసో" అంది మారెక్క.

నాయన కూర్చున్నాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు చూసి, కారమెక్కువైందా అని ఆమె కంగారుపడింది.

"లేదమ్మా, బాగుండాది" అని తల వంచుకుని తిన్నాడు.

పెద్దరైతు అన్నంత పనీ చేశాడు. ఆ ఏడు మేర రాలేదు. అమ్మ శెనక్కాయలు పెరకడానికి కూలికి పోయింది. అయితే గడ్డాలు ఎవరి కట్టుబాటూ వినవు కదా! నాయన ఇండ్లకు పోవడం ఆగాక రైతులు ఒక్కొక్కరే షాపుకు రాసాగారు. వచ్చినవాళ్లు బెంచీ మీద వంతు కోసం కూర్చోవాల్సిందే. మమ్మల్ని పెరట్లో నిలబెట్టి 'ఏరా' అన్న నోళ్లే నలుగురి మధ్య 'ఏమప్పా' అనడం నేర్చుకున్నాయి. కాలనీవాళ్లు తమకోసమే కొట్లాడారని అంతవరకూ అనుకున్నాను. వాళ్లు మాడిన ఎండ మా ఇంటికి కూడా నీడ తెచ్చిందని అప్పుడు అర్థమైంది.

అందరికంటే ఆఖరున పెద్దరైతు వచ్చాడు. కుర్చీలో ఓబులేసు ఉన్నాడు, మొహం నిండా సోపు నురగ. బెంచీ మీద మా నాయన టీ తాగుతున్నాడు. ఈ రైతు అల్లంత దూరాన కనబడితేనే లేచి, తువ్వాలు చేతిలోకి తీసుకుని నిలబడే మనిషి నాయన.

"కూసో సామీ, ఓబులేసన్నది అయినాక నీదే" అన్నాను.

పెద్దరైతు లోపలికీ బయటికీ చూశాడు. ఖాళీ మా నాయన పక్కనే ఉంది. నాయన కొంచెం జరిగి చోటిచ్చాడు. లేవలేదు.