టాకీసులో ఉన్న ఆఖరు సీను

మొన్న పాల్వంచ బస్టాండులో కూర్చుని ఫోనులో ఏదో కొత్త పాట వింటుంటే, బీడీలు చుట్టే తునికాకు బస్తాలు వేసుకున్న లారీ ఒకటి ముందు నుంచి వెళ్లింది. ఎండిన ఆకు వాసన, అందులో కాస్త అడవి మన్ను, కాస్త గోనెసంచి వాసన కలిసి తగలగానే చెవిలో పాట ఆగిపోయినట్టయింది. పాటకు పెద్ద నష్టమేం లేదు. ఈ మధ్య పాటలన్నీ రోకలితో దంచుతున్నట్టే ఉంటాయి, ఒక్క మాట అర్థమయ్యేలోపే అయిపోతాయి. సినిమాల దగ్గర నేను పేచీకోరునని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎందుకలా తయారయ్యానంటే ఆ ఆకు వాసన దగ్గరే మొదలుపెట్టాలి. నేను సినిమాలు చూసి పెరగలేదు, తునికాకు కట్టల మధ్య కూర్చుని వింటూ పెరిగాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమ్మకు జబ్బు చేసింది. నాన్న ఆమెను హైదరాబాదులో పెద్ద దవాఖానాకు తీసుకుపోతూ, నన్ను పాల్వంచ అవతల అడవి అంచున ఉన్న ఊళ్లో, అమ్మ చెల్లెలు సారమ్మ ఇంట్లో దించి వెళ్లాడు. ఆకు కోత అయ్యేలోపు అమ్మ వచ్చేస్తుందన్నారు. ఆ మాట పట్టుకుని రోజూ సాయంత్రం రోడ్డు మలుపులో నిలబడి బస్సు కోసం చూసేదాన్ని. డ్యూటీ అయిపోయినవాళ్లు టిఫిను డబ్బాలతో దిగేవాళ్లు, అమ్మ దిగేది కాదు. ఊళ్లో నా ఈడు పిల్లలు లేకపోలేదు గాని, వాళ్లు తమలో తాము కోయ మాట్లాడుకునేవాళ్లు. ఆటలో చేర్చుకునేవాళ్లు, నవ్వులో మాత్రం నేనే చేరలేకపోయేదాన్ని.

చిన్నమ్మ చీకటితోనే లేచి ఆడవాళ్లతో కలిసి అడవికి పోయి, ఎండ ముదిరేసరికి ఆకు మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేది. ఇంత అంబలి తాగి, ఎండబెట్టిన ఇప్పపూల తియ్యని వాసన ఇంకా వదలని చూరు కింద నాలుగిళ్ల ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుని, ఆకు మీద ఆకు పేర్చి, యాభై కాగానే నారతో కట్ట కట్టేవాళ్లు. సినిమా అప్పుడు మొదలయ్యేది. కరెంటు కంపెనీలో కాంట్రాక్టు కూలీ అయిన బాబాయి సెలవు దొరికినప్పుడల్లా చిన్నమ్మను పాల్వంచ టాకీసుకు తీసుకుపోయేవాడు. చూసొచ్చినవాళ్లు చూడనివాళ్లకు కథంతా చెప్పాలి, కథ చెబుతూ ఆకు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు కాబట్టి చెప్పినామె కట్టలు విన్నవాళ్లు కట్టిపెట్టాలి. అది ఆ చూరు కింది కట్టుబాటు.

చిన్నమ్మ చెబితే ఎంతసేపైనా వినాలనిపించేది. ఫైటింగులు రెండు మాటల్లో తేల్చేసి, హీరోయిన్ చీర అంచు దగ్గర మాత్రం ఆగిపోయేది. విలన్ దగ్గు దగ్గేది, అత్త మూతి తిప్పేది, పాట వస్తే గొంతు కలిసినా కలవకపోయినా పాడేసేది. ఏడుపు సీను వచ్చిందంటే మాత్రం అందరి చేతులూ లెక్క తప్పేవి. సాయంత్రం కల్లంలో ఆకు కొనే మనిషి ఆ కట్టలు విప్పి, ఆకులు తక్కువున్నాయని మొహాన కొట్టినట్టు తిరిగిచ్చేవాడు.

"ఏడుపు సిన్మాలు చెప్పకే సారక్కా, కట్టలన్నీ వాపసొస్తున్నయ్" అనేది పక్కింటి లచ్చమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే.

ఆ ఎండాకాలంలోనే చిన్నమ్మ ఒక సినిమా చూసొచ్చింది. అందులో తల్లికి జబ్బు చేస్తుంది, కూతురు ఎదురుచూస్తుంటుంది. ఆఖర్లో తల్లికి నయమై ఎర్రబస్సు దిగుతుంది.

"ఆ రోడ్డు మన మలుపు లెక్కనే ఉంటది బిడ్డా" అంది నా వైపు చూసి.

"ఏం చీర కట్టుకుంది?" అని అడిగాను.

"పచ్చది."

అమ్మ వెళ్లిన రోజు కట్టుకున్నదీ పచ్చ చీరే. ఇక ఆ సీను తప్ప నాకు ఇంకే సినిమా వద్దు. రోజూ అదే చెప్పించుకునేదాన్ని, చిన్నమ్మ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బాబాయి టేపురికార్డరులో ఆ సినిమా పాటలుండేవి. బ్యాటరీలు నీరసపడితే ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం, పాట సాగి సాగి వచ్చేది. ఇప్పటికీ అదే పాట అసలు వేగంతో వింటే పాడే ఆమెకెందుకింత తొందర అనిపిస్తుంది.

ఆకు కోత ఇంకా ముగియకముందే ఒక సాయంత్రం బస్సులోంచి నాన్న ఒక్కడే దిగాడు. అమ్మ లేదని ఆయన చెప్పలేదు, నా చేయి పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. చూరు కింద ఆడవాళ్లు లేచి ఏడ్చిన ఏడుపుతో నాకు తెలిసింది. ఆ ఏడు చిన్నమ్మ మళ్లీ సినిమా చెప్పలేదు. నేను అక్కడే ఉండిపోయాను.

తర్వాత కిరాణా కొట్టువాళ్లింటికి రంగుల టీవీ, డిష్షు వచ్చాయి. ఊరంతా అక్కడ చేరి, కోడలి మొహాన్ని ఉరుముల చప్పుడుతో మూడుసార్లు చూపించే సీరియళ్లను నోరు తెరుచుకుని చూసేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేశారు. ప్రతి మాటా నాకు ముందే తెలుసు, పక్కవాళ్లకు గొప్పగా చెబుతున్నాను. ఇంటర్వెల్ కాకముందే తల్లి చనిపోయింది. బస్సు కోసం ఆఖరుదాకా చూశాను. రాలేదు.

లేచి నిలబడి "తప్పు చూపెడుతున్నరు" అన్నాను. అందరూ నవ్వారు. వెనక గోడకానుకుని కూర్చున్న చిన్నమ్మ మాత్రం నవ్వలేదు.

"మన టీవీల కోసేసిన్రు బిడ్డా. టాకీసుల ఉన్నది. నేను చూసిన గదా."

ఆ మాట నమ్మాను. నమ్మకపోతే నాకేమీ మిగలదని ఆ వయసుకే తెలిసినట్టుంది.

ఇప్పుడు ఆ టాకీసు ఫంక్షన్ హాలైంది. ఆకుకు పోయేవాళ్లు తగ్గారు, పోయినవాళ్లూ కట్టలు కట్టేటప్పుడు ఎవరి ఫోను వాళ్లు చెవి దగ్గర పెట్టుకుంటున్నారట. అందరూ అన్నీ చూసేశాక ఎవరు ఎవరికి చెప్పాలి? నా కిరాయి గదిలో నేనూ ఒక్కదాన్నే చూస్తాను, బాగుందో లేదో గోడలకు చెప్పుకుంటాను. లారీ వెళ్లిన రోజు సాయంత్రం ఆ సినిమా ఫోనులో వెతికి మొత్తం చూశాను. ఎక్కడా కోత లేదు. బస్సూ లేదు.

చిన్నమ్మకు ఫోన్ చేశాను. అవతల సీరియల్ మోగుతోంది.

"ఆ సిన్మాల ఆఖరికి ఏమైతది చిన్నమ్మా?"

టీవీ చప్పుడు తగ్గింది.

"ఏందే, మర్చిపోయినవా? బస్సు దిగుతది. పచ్చ చీర కట్టుకొని."

"టీవీవాళ్లే కోసేసిన్రు గదా?"

"అవ్ బిడ్డా" అంది. "వాళ్లే."