స్టూలు మీద గుమ్మడికాయ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అడిగిన ధరకు ఏదైనా కొంటే ఆ పూట అన్నం సహించేది కాదు. బాన్సువాడ బజారులో మాది చెప్పుల దుకాణం. పొద్దంతా బేరమాడేవాళ్లతో వేగిన మా తాతయ్య, సాయంత్రం కూరగాయల దగ్గరికి వెళ్లి ఆ కసంతా అక్కడ తీర్చుకునేవాడు. సంచి పట్టుకుని వెంట నడిచేది నేను. ఆ చదువు నాకు ఎంత వంటబట్టిందంటే, దవాఖానలో సూది వేయబోతుంటే సగం మందే వెయ్యమని డాక్టరుతో బేరమాడానని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆ రోజుల్లో తాతయ్య ఒక పాత కారు కొన్నాడు. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గలు, వయసులో మా నాన్నకు అన్నలాంటిది. వెనక సీటు నిండా చెప్పుల పెట్టెలు వేసుకుని బిచ్కుంద, జుక్కల్ వారపు అంగళ్లకు తిరిగేవాడు. కొన్నాళ్లకు దాని ముందు భాగం ఎడమవైపు కుంగింది. నిలబెడితే కాలు బెణికిన మనిషిలా ఒరిగి ఉండేది. గుంతలో పడితే లోపల ఇనుమూ ఇనుమూ కొట్టుకునేవి. లోపల ఏముందో చూడాలని నాకు ఒకటే ఆరాటం.

బస్టాండు వెనక షెడ్డులో బండ్లు బాగుచేసే పెద్దాయనను ఊరంతా మిస్త్రీ చాచా అనేవారు. ఆయన కారు కిందికి దూరి, బయటికి వచ్చి, ముందరి స్ప్రింగు విరిగిందని తేల్చాడు. చక్రానికీ బండికీ మధ్య మెలికలు తిరిగి కూర్చునే లావుపాటి ఇనుప చుట్ట అది. బండి ముందరి బరువంతా ఎడమన ఒకటి, కుడిన ఒకటి మోస్తాయట. కొత్తవి రెండూ వెయ్యాలన్నాడు.

"రెండెందుకు? ఇరిగింది ఒక్కటే గద!" అన్నాడు తాతయ్య.

"ఒక్క చెప్పు తెగిందని వస్తే ఒక్క కాలుదే అమ్ముతవా సేటు?"

బేరంలో మా తాతయ్య ఓడిపోవడం నేను అంతకుముందు చూడలేదు. నిజామాబాద్ నుంచి జత తెప్పించాడు. ఇక పనే తరువాయి అనుకుని, బండి బాగయ్యాక దిష్టి తీసి కొట్టడానికి ఒక గుమ్మడికాయ కూడా కొని, నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్లాడు.

అక్కడ ఇంకో పేచీ వచ్చింది. స్ప్రింగును రెండు పక్కలా పట్టి నొక్కి ఉంచే బిగింపు చువ్వలు బోధన్‌లో దోస్తు దగ్గర ఉన్నాయి, కిరాయికి తేవాలి, పని రేపే అన్నాడు చాచా. మర్నాడే జుక్కల్ అంగడి. తాతయ్యకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఆయన లెక్కలో, ఎవరు ఏ పని చెప్పినా అందులో కొట్టెయ్యగల ముక్క ఒకటి ఉండి తీరుతుంది. దుకాణదారు ఆ ముక్కను బేరం కోసమే పెడతాడు. ఆయనా అలాగే పెట్టేవాడు కాబట్టి లోకమంతా అంతే అనుకునేవాడు.

"ఆ చువ్వలు కొట్టెయ్ మిస్త్రీ. జాకీ ఉంది, గడ్డపార ఉంది. గా పక్క షెడ్డోడు ఊకెనే పీకేస్తడంట. ఇయ్యాలనే కానియ్."

చాచా గడ్డం గోక్కున్నాడు. "ఇయ్యాలనే అంటే, బల్బు పట్టుకునేటోళ్లు కూడ లేరు సేటు."

"గంతేనా? మా పిల్ల పడ్తది. దానికి కూలి గూడ అక్కర్లేదు!"

నాకైతే పండగే. చాచా ఒక ఇనుప స్టూలు తెచ్చి చక్రానికి ఎదురుగా వేశాడు. పరుగున వెళ్లి కూర్చోబోతుంటే నా జడ పట్టి ఆపాడు. "ఆగు బిడ్డా. ముందుగాల ఇంకొకరు కూసుంటరు" అంటూ మా గుమ్మడికాయ తీసి స్టూలు మీద పెట్టాడు.

మూలనున్న పాత స్కూటరు స్ప్రింగును బల్ల మీది బిగింపులో పెట్టి బాగా నొక్కాడు. నొక్కిందాన్ని తీగతో కట్టి, తీగ ముడిలో మేకు దూర్చి, మేకుకు పొడుగు తాడు కట్టాడు. దాన్ని గోడకు ఆనించి, స్టూలు వైపు తిప్పి పెట్టాడు. మా ఇద్దరినీ పాత లారీ డోరు వెనక్కి నడిపించి, తానూ అక్కడికే వచ్చి తాడు లాగాడు.

తీగ ముడి ఊడటం నేను చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. తల బయటికి పెట్టి చూస్తే స్టూలు పడి ఉంది, గుమ్మడికాయ గింజలు రేకు గోడ నిండా అంటుకుని ఉన్నాయి.

"గిది స్కూటర్‌ది సేటు," అన్నాడు చాచా నెమ్మదిగా. "కారుది నా చెయ్యంత లావుంటది. ఇగ బిడ్డను కూసోమంటవా?"

తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "జుక్కల్ అంగడి వచ్చే వారం గూడ ఉంటది," అన్నాడు గోడ వైపు చూస్తూ.

మర్నాడు చువ్వలు వచ్చాయి. నన్ను కారు వెనక పక్కన నిలబెట్టి, నేల మీద గీత గీసి, అది దాటితే ఇంటికి పంపిస్తానన్నాడు చాచా. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. ముందు భాగం జాకీతో లేపి, బండి చట్రం కింద లావు దుంగలు పెట్టాడు. ఎందుకని అడిగితే, జాకీ లేపేందుకే, మోసేందుకు దుంగలే అన్నాడు. చక్రం ఊడదీసి, స్ప్రింగు జారినా ఎగరకుండా దాని చుట్టల్లోంచి గొలుసు దూర్చి చట్రానికి కట్టాడు. చువ్వలు రెండింటినీ ఎదురెదురుగా తగిలించి, ఇటు కొంచెం, అటు కొంచెం బిగించాడు. ఒక పక్కే బిగిస్తే వంగి తన్నుతుందట. చూస్తే అచ్చం బేరంలాగే ఉంది. ఇద్దరూ కొంచెం కొంచెంగా దిగాలి తప్ప ఒక్కరే లాగితే చెడుతుంది. స్ప్రింగును కిందనుంచి మోసే ఇనుప చెయ్యికి జాకీ ఆనించి, దాని బోల్టు విప్పి, జాకీని మెల్లగా దించాడు.

నేను చెవులు మూసుకున్నాను. ఏమీ కాలేదు. స్ప్రింగు నిద్రపోయే పిల్లలా ఆయన చేతుల్లోకి వచ్చింది.

"గంతేనా చాచా?" అన్నాను ఉసూరుమని.

"గంతే. చప్పుడు రాకుంటెనే పని అయినట్టు."

పాతదాన్ని గోడ వైపు తిప్పి పెట్టి, చువ్వలు కొంచెం కొంచెంగా వదిలాడు. కొత్తదాన్ని అలాగే నొక్కి లోపల పెట్టి, దాని కొస కింది గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వంగి వంగి చూశాడు. అప్పుడు గమనించాను, ఆయన రెండు చేతులూ పనిలోనే ఉన్నాయి. బల్బు బానెట్ అంచుకు కొక్కెంతో వేలాడుతోంది.

"బల్బు పట్టుకునేటోళ్లు లేరంటివి గద చాచా?"

"కొక్కెం ఎప్పటి సంది ఉంది బిడ్డా. ఎవర్ని కూసోబెడ్తడో చూద్దామని అడిగిన."

తాతయ్య అక్కడే ఉన్నాడు. విననట్టు కారు అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. రెండో పక్కా అయ్యాక, చాచా అడిగిన డబ్బు అడిగినట్టే ఆయన చేతిలో పెట్టాడు తాతయ్య. దారిలో ఇంకో గుమ్మడికాయ కొన్నాడు. దానికి మాత్రం గట్టిగా బేరమాడాడు.

నా జుట్టు నెరిసింది గానీ బేరం బుద్ధి నెరవలేదు. కొత్తిమీర కట్ట దగ్గర నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొన్న మా మేడకు సున్నం వేయించేటప్పుడు, పడకుండా నడుముకు కట్టే మోకు తాళ్లు వద్దంటే బాగా తగ్గిస్తానన్నాడు మేస్త్రీ. నా నోరు అలవాటుగా ఊరింది. అంతలో రేకు గోడ మీది గింజలు గుర్తొచ్చి, పైకి ఎక్కేది ఎవరని అడిగాను. గోడ నీడలో కూర్చుని సద్ది తింటున్న ఒక బక్క మనిషిని చూపించాడు.

తాళ్లు కట్టించమన్నాను. ధర తగ్గిందని ఎవరైనా అంటే నాకు ముందు ఆ స్టూలు కనిపిస్తుంది. దాని మీద ఎవరిని కూర్చోబెడుతున్నారో తెలిసేదాకా బేరం ఒప్పుకోను.