గేట్‌పాస్ పేజీ ఒక్కటీ పాతదే

మండపేటలో నేను చెయ్యి ఆపితే డెల్టా అంతా బియ్యం లారీలు ఆగిపోయేవి. కేరళలో ఆ పూట అన్నం ఉడికేది కాదు. ఈ మాట చాలా పెళ్లిళ్లలో, రెండో బంతి భోజనాల దగ్గర చెప్పాను. నమ్మినవాళ్లూ ఉన్నారు.

సరే, అసలు సంగతి. మిల్లర్ల సంఘం ఆఫీసులో నేను గుమాస్తాని. ఏ మిల్లు నుంచి ఏ లారీ ఎన్ని బస్తాలతో కదిలిందో ఎక్కించడానికి జావాలో రాసిన వెబ్ ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. అది ఆగినా లారీలు ఆగేవి కావు. చేత్తో చీటీ రాసి పంపేసేవాళ్లం.

రెండు వేల ఏడో, ఎనిమిదో. ఆ ప్రోగ్రామ్ ఏ ఫ్రేమ్‌వర్కు మీద నిలబడిందో అది పాతబడిందనీ, కొత్త వెర్షన్‌కి మార్చకపోతే రేపు బాగుచేసే నాథుడుండడనీ హైదరాబాదు కంపెనీవాళ్లు చెప్పారు. ఫ్రేమ్‌వర్కంటే ఏముందండీ, పెళ్లిపందిరి రాటలు. గుడ్డలూ పూలూ మనవి, రాటలు వేరేవాళ్లు పాతినవి. లోపల భోజనాలు జరుగుతుండగానే, పందిరి ఒరిగిపోకుండా, ఒక్కో రాటా పీకి కొత్తది పాతాలి. అదీ పని.

ఆ పని మీద ఆ కంపెనీ నుంచి కరీంనగర్ వైపు ఆయన ఒకరు వచ్చారు. ముప్పై దాటిన మనిషి, సన్నగా, మాట మెల్లగా. మా మేడ మీద గదిలో మకాం, మా ఇంట్లోనే భోజనం.

"ఏంది సార్ ఇది, పెండ్లి భోజనమా?" అన్నారు మొదటి రోజు విస్తరి చూసి.

"ఏంటండీ, ఉత్త పప్పుచారూ వంకాయ కూరే కదా! వడియాలు ముట్టుకోలేదేం?" అంది మా ఆవిడ.

"అక్కా, జర రహం చెయ్యున్రి."

కాస్త దయ చూపమన్న ఆ మాటకి అర్థం తెలియక మా ఆవిడ ఇంకో గరిటె వడ్డించింది.

మా వైపు చుట్టం బయల్దేరుతానంటే చెప్పులు దాచేస్తాం. వెతుక్కునేలోగా బస్సు పోతుంది, ఇంకో పూట ఉంటారు. మొదటి ఆదివారం ఆయన ఒకసారి ఇంటికి వెళ్లొస్తానంటే మా ఆవిడ ఆయన చెప్పులు బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. దొరికేసరికి రాజమండ్రిలో ఎక్కాల్సిన రైలు వంతెన దాటేసింది. నేను అదే పని కంప్యూటర్లో చేశాను. ఆయన ఒక్కో పేజీ మారుస్తారు, నేను నడిపి చూసి సరే అనాలి. నేను సరే అంటేనే పేజీ పూర్తయినట్టు. నేను అనేవాణ్ణి కాదు.

"లారీ నంబరు ఎర్రగా రావడం లేదండి."

"ముందుగాల ఎప్పుడు ఎర్రగ వచ్చింది సార్?"

"రాలేదనుకోండి. వస్తే బాగుంటుందని."

"ఇది వెర్షన్ మార్చుడు సార్. రంగులేసుడు కాదు."

"వేస్తే పోయేదేముందండీ, మీరిక్కడే ఉన్నారు కదా!"

ఎందుకంత పట్టుకున్నానంటే, యాభై దాటాక రాజమండ్రిలో పుస్తకం కొనుక్కుని జావా నేర్చుకున్నవాణ్ణి. ఆఫీసులో అందరికీ నేను పేకాట ఆడుకుంటున్నట్టే ఉండేది. ఆ యంత్రం గురించి నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆయన. కుర్చీ నాకు వదిలి, "మీరు రాయున్రి సార్, నేను చూస్త" అనేవారు. నేను మార్చిన పేజీ మొదటిసారి తెరుచుకున్నప్పుడు తన టీ గ్లాసు నా వైపు జరిపారు. సగం పేజీలు నేనే మార్చానని తర్వాత ఊరంతా చెప్పుకున్నాను. మార్చింది ఆ ఒక్కటే.

ఒక మధ్యాహ్నం భోజనం మధ్యలో ఆయన ఫోను మోగింది. చెయ్యి ఎంగిలి కనుక మా ఆవిడే మీట నొక్కి, స్పీకరు పెట్టింది. చిన్నపిల్ల గొంతు.

"బాపూ, ఇంకెన్ని పేజీలున్నయ్?"

ఆయన ఫోను వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"సార్‌ను అడగాలె బిడ్డా."

మా ఆవిడ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ఆ సాయంత్రం ఆఫీసులో వరసగా అన్ని పేజీలకీ సరే అనేశాను.

"మరి ఎర్ర నంబరు?"

"అక్కర్లేదండి."

మర్నాడు మా ఆవిడ పాపకోసం ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఇచ్చింది. ఆయన చెప్పుల్ని తనే తెచ్చి, గుమ్మం ముందు వీధి వైపు తిప్పి పెట్టింది.

వెళ్లేముందు ఆఫీసులో ఆయన నాకొక పేజీ తెరిచి చూపించారు. లారీ మిల్లు దాటేముందు తీసుకునే గేట్‌పాస్. కొత్త పేజీల చిరునామాలన్నీ 'యాక్షన్' అని ముగుస్తాయి. దీని చివర ఇంకా పాత 'డూ'నే ఉంది. హడావుడిలో నేను చూడకుండానే సరే అనేశాను. అందులో లారీ నంబరు మాత్రం ఎర్రగా మెరుస్తోంది.

"ఇది మార్చలేదేంటండీ?"

"పాతదీ కొత్తదీ పక్కపక్కన నడుస్తయి సార్, ఏం గాదు. పని మిగిలుంటెనే గద మల్ల పంపుతరు. అక్కకు చెప్పున్రి, ఈసారి చెప్పులు నేనే దాచిన అని."

కంపెనీ ఆయన్ని నాగపూర్ పంపింది. తర్వాత ఇంకెక్కడికో. ఫోను చేస్తే, "వస్త సార్, గేట్‌పాస్ ఉంది గద" అనేవారు. కొన్నాళ్లకి ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది.

"ఆ ఒక్కటీ ఎందుకండీ వదిలేశారు?" అని మా సెక్రటరీ గారు అడిగేవారు. అది మహా చిక్కుముడి అండీ, కరీంనగర్ నుంచి ఆయనే దిగిరావాలి అనేవాణ్ణి. చిక్కూ లేదు, ముడీ లేదు. ఒక ఆదివారం దానికి నకలు తీసుకుని నేనే మార్చి చూశాను. కాఫీ చల్లారేలోపు తెరుచుకుంది. పక్కన టీ గ్లాసు జరిపేవాళ్లు లేరు. చెరిపేశాను.

నేను రిటైరయ్యాక కొత్తవాళ్లు ఆ ప్రోగ్రామే మొత్తం తీసేసి వేరేది పెట్టారు. గేట్‌పాస్ కూడా పోయింది. ఆ సంగతి మా ఆవిడకి ఆ రోజే చెప్పాను. అయినా వడియాలు పెట్టిన రోజు అడుగుతుంది.

"ఆ కరీంనగర్ తమ్ముడు ఎప్పుడొస్తాడంటారు?"

"ఇంకో పేజీ ఉంది కదే, వస్తాడు" అంటాను.

"అయితే ఈ వడియాలు కాసిని తీసి దాస్తాను" అంటుంది.