రసాల రాయబారం

మొన్న ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నానో లేదో, పక్కాయన ఫోనులో పొరుగుదేశపు కొత్త ప్రధాని ప్రమాణస్వీకారం మొదలైంది. "ఇక మన సరుకుకి దారి తెరుచుకున్నట్టేనండీ" అన్నాడాయన సంబరంగా. అంతే, నా చేతులు జిగటగా అనిపించి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్యాంటుకి తుడుచుకుంటూనే ఉన్నాను. ఆ జిగట మా చిన్నాయన చలవ.

కొత్తపేట పండ్ల మార్కెట్లో మా చిన్నాయనకూ, నూజివీడు నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయనకూ కలిపి ఒక దుకాణం ఉండేది. చుట్టరికం చుక్కంత లేకపోయినా ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు. ఉద్యమం రోజుల్లో తెలంగాణ గురించి పొద్దంతా అరుచుకునేవారు. ఆ అరుపులకి కొత్తపేట కాకులన్నీ సంసారాలతో సహా వలసపోయాయి. సాయంత్రానికి మాత్రం ఒకే చాయ్ చెరిసగం. బంద్ రోజున చిన్నాయనే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నిలబడి, నూజివీడు లారీని ఆపిన కుర్రాళ్లతో కలిసి జై కొట్టి, అదే లారీని పక్క సందులోంచి దాటించేవాడు. అంతటి రాయబారి! ఆ రాయబారం నెత్తికెక్కడమే మా కొంప ముంచింది.

తెలంగాణ రాష్ట్రం ఇంకో వారంలో వస్తుందనగా, ఆ రోహిణి కార్తెలో ఢిల్లీలో గద్దె మారింది. ప్రమాణానికి ఇరుగుపొరుగు దేశాల పెద్దలంతా వచ్చి చేతులు కలిపారు. చిన్నాయన ఆ దృశ్యాన్ని టీవీలో పధ్నాలుగు వందలసార్లు చూశాడు. "చెయ్యి ఎట్ల పట్టిండో చూడు బావా! గిట్ల పట్టిండంటే వారంల సరిహద్దు గేటు తెరుస్తరు. మొదటి లారీ మనదే ఉండాలె" అన్నాడు. చేతిలో ఉన్నది సీజన్ చివరి లోడు, ఇద్దరి పెట్టుబడీ అందులోనే. పోనీ నాలుగు రోజులు ఆగే బంగినపల్లా అంటే కాదు, రసాలు!

"వాళ్లకి మామిడి తోటలు లేవా ఏంటండీ బావగారూ? ఇవాళే అమ్మేద్దాం" అన్నాడు నూజివీడాయన.

"తెలంగాణోడు చెప్తే ఇనొద్దని ఒట్టు పెట్టుకున్నవా ఏంది?"

ఆ దెబ్బకి ఆయన కూడా బుట్టలు ఎత్తడానికి ఓ చెయ్యి వేశాడు. దుకాణంలో చోటు లేదని సరుకంతా వనస్థలిపురంలో మా ఇంటికి చేరింది. హాలంతా గడ్డి, గడ్డి మీద కాయలు. మా ఆవిడ వంటింట్లోకి కిటికీలోంచి దూరేది. నా మంచం మెట్ల మీద ఏటవాలుగా పడింది; ఆ వారం నేను నిద్రపోలేదు, జారాను. టీవీలో రోజూ "చర్చలు స్నేహపూర్వకంగా సాగాయి" అనేవారు. చర్చ సాగినప్పుడల్లా ఇక్కడ ఒక వరుస మెత్తబడేది. గేటు తెరుచుకోలేదు. ఐదోనాటికి రసం గడప దాటి మెట్లు దిగింది.

చిన్నాయన గడ్డి మీద కూలబడ్డాడు. "నేనే ముంచిన బావా. రాష్ట్రమే పంచుకుంటుండ్రు, మన దుకాణమెంత? నువ్వు ఏరువడు."

నూజివీడాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. గంటలో భార్యతో, ఆటో నిండా చాపలతో తిరిగొచ్చాడు. ఆవిడ కొంగు బిగించి మా డాబాను ఆక్రమించింది. తాండ్ర! పిసికి వడకట్టిన రసం చాప మీద ఒక పూత, ఎండాక మళ్లీ పూత. ఇంటిల్లిపాదీ పిసికాం. పూర్వజన్మలో నేను చేసుకున్న పాపాలన్నీ టెంకల రూపంలో బయటపడ్డాయి.

రాష్ట్రం వచ్చిన రోజు వీధిలో డప్పులు, గులాల్. చిన్నాయన ముఖమంతా గులాబీ రంగుతో డాబా ఎక్కి, సంబరపడాలో సిగ్గుపడాలో తెలియక నిలబడ్డాడు. నూజివీడాయన చెయ్యి చాచాడు. "రాష్ట్రాలు విడిపోతే పోనీండి బావగారూ. చాపలు మాత్రం చుట్టకండి, ఇంకా నాలుగు పూతలున్నాయి." చిన్నాయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. రసానికి గులాల్ తోడై రెండు చేతులూ అతుక్కుపోయాయి. విడదీయడానికి మా ఆవిడ రెండు బిందెల నీళ్లు పోసింది.

ఆ తాండ్రే దుకాణాన్ని నిలబెట్టింది. ఇప్పుడు మార్కెట్ తరలిపోయింది, మా డాబా మీద ఇంకో అంతస్తు లేచింది. గేటు నేడో రేపో తెరుస్తారని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. తెరిస్తే తెరవనీ, ఆనాటి ఆ నాలుగు పూతల ఎండను మాత్రం ఏ ప్రభుత్వమూ మళ్లీ తెప్పించలేదు.