దుడ్డె వాటా

నెల దాటిన బర్రెదుడ్డె ఎంత బరువుంటుంది? మామూలుగానైతే ఇద్దరు పట్టాలి. నేనొక్కణ్నే ఎత్తాను. అంత తేలికగా ఉంది. పదిహేనేళ్లు దాటిపోయింది, మొన్నటిదాకా దాన్ని దించలేదు.

మీరెవరో నాకు తెలీదు. నా పేరుతో మీకు పని లేదు. కాసేపు నా పక్కన కూర్చున్నారనుకుంటాను, అంతే. ముందే ఒక మాట చెబుతాను. ఇది ఏడుపు కథ కాదు. ఆ చలికాలం నేను గెలిచాను. గల్లీ గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. ఇప్పటికీ తలచుకుంటే చెయ్యి దానంతటదే మీసం మీదకు పోతుంది. ఆ గెలుపు అబద్ధం కాదు. దాని కింద ఏం తొక్కిపెట్టానో అదే చెప్పాలి.

నేను రైలింజను డ్రైవర్ని. ఉద్యోగమున్నన్నాళ్లూ ఇంట్లో కంటే ఇంజన్లోనే ఎక్కువ తిన్నాను, ఎక్కువ తిట్టాను. రిటైరై యాకుత్‌పురాలో మా ఇంట్లో కూర్చున్నాక తెలిసింది, అక్కడ నేను చుట్టాన్నని. ఉప్పు ఎక్కడుంటుందో తెలీదు. పొద్దున లేస్తే నాకు పేపరు, నా భార్య బాలమణికి పేడ. "జర కాళ్లు తియ్యి, ఊడవాలె" అనేది. కోపమొచ్చేది. తీసేవాణ్ని. పాడి మీద పెరిగిన మనిషి ఆమె. పెరట్లో లచ్చి అని ఒక బర్రె ఉండేది. దాని పాలు గల్లీలో కొన్ని ఇళ్లకు పోసేది. మాకు పిల్లలు లేరు. లచ్చి ఈనిన ప్రతిసారీ మా ఇంట్లో పురుడు జరిగినట్టే ఉండేది. ఆ యేడు చలికి ముందే ఈనింది. నల్లటి ఆడ దుడ్డె.

ఆ చలికాలమే జరం వచ్చింది. ఏవేవో దేశాలు తిరిగి వస్తోందని పేపర్లో చదివి బాలమణికి వినిపించాను, మనకెందుకులే అన్నట్టు. నెల తిరక్కుండా మా గల్లీలో జరం లేని ఇల్లు లేదు. ఒకరి దగ్గు ఇంకొకరి ఇంట్లో వినపడేది. డాక్టరు సాబు అందరికీ ఒకటే చెప్పేవాడు. మాత్ర వేసుకో, పడుకో, పాలు తాగు. పాలు!

సరిగ్గా అప్పుడే బాలమణి పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. ఏదేదో కలవరించేది. ఆమె పోతే నేనేం చేస్తాను? ఈ ప్రశ్న అంతకు ముందు ఎన్నడూ వేసుకోలేదని అప్పుడు తెలిసి సిగ్గేసింది. పెరట్లో లచ్చి పొదుగు బిగిసి అరుస్తోంది. చెంబు పట్టుకుని పోతే ఒక్క తన్ను తన్నింది. చెంబు గోడకు, నేను పేడలో.

మంచం మీంచే చెప్పింది బాలమణి. "నా ఇడిసిన చీర కట్టుకో. కొంగు తల మీదికెళ్లి ఏసుకో. నోరు మూసుకొని కూసో." పాడి ఇళ్లల్లో ఇది ఉన్నదే. బర్రె మనిషిని వాసనతో గుర్తుపడుతుంది. మరి నేను? బుర్రమీసాలవాణ్ని, బండి కదిలిస్తే ప్లాట్‌ఫారం అదిరేవాణ్ని. కట్టుకున్నాను. లచ్చి మూతి సాచి కొంగంతా వాసన చూసింది. నా మొహం వైపు అనుమానంగా చూసింది. తర్వాత పాలు చేపింది! పాలధార చెంబులో చుయ్యిమని పడితే నేను గట్టిగా అరవబోయి నోరు నొక్కుకున్నాను. గోడ మీంచి పక్కింటి షరీఫా బీ చూసి, "యా అల్లా, డ్రైవర్ సాబ్ దుల్హన్ బన్ గయే!" అని నన్ను పెళ్లికూతుర్ని చేసి పడీ పడీ నవ్వింది. ఆమె కొడుకు లోపల జరంతో పడున్నాడు. అయినా నవ్వింది. చాలా రోజులకు ఆ గల్లీలో వినపడ్డ నవ్వు అది.

ఇక ఆగుతానా? ఆ సాయంత్రమే గిన్నెలతో నిలబడ్డవాళ్లందరికీ మాటిచ్చాను. నా బండి ఎన్నడూ లేటు కాలేదు, పాలు కూడా ఒక్క ఇంటికి ఆగవు అన్నాను. ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నెమ్మదిగా చెప్పనివ్వండి.

బాలమణి మూడు చన్నులే పిండుతుంది. నాలుగోది దుడ్డెది. అది వాళ్ల ఇంటి కట్టుబాటు. పండుగొచ్చినా, చుట్టాలొచ్చినా, ఆ చన్ను ముట్టదు. చీర కట్టుకోమని చెప్పిన నోటితోనే ఆ మాట కూడా చెప్పింది. అంత జరంలో, నా చెయ్యి పట్టుకుని. నేను సరేనన్నాను. కానీ ఆమెకు ఇచ్చినన్ని పాలు లచ్చి నాకు ఇవ్వలేదు. చెంబు నిండేది కాదు. అడిగే ఇళ్లు చూస్తే రోజురోజుకీ పెరుగుతున్నాయి. మొదటి రోజు నాలుగో చన్ను కొంచెమే లాగాను. ఇవ్వాళొక్కరోజే అనుకున్నాను. మర్నాడు ఇంకొంచెం. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. దుడ్డెను చేపు కోసం ఒక్క క్షణం విడిచి, తలుగుతాడు పట్టి వెనక్కి లాగేసేవాణ్ని. అది నాలుక చాపి నా వైపే చూసేది. గంజి తాగించేవాణ్ని. కడుపు ఉబ్బి నిండుగా కనపడేది. కనపడేది, అంతే.

నీళ్లు కలిపితే సరిపోయేది కదా అంటారా? ఛీ! బాలమణి పాలల్లో నీళ్లా? ఆమె పేరు పోతుందని ఆ పని చేయలేదు. నేనెంత నిజాయితీపరుణ్నో అని లోపల గర్వపడ్డాను కూడా. చూశారా మనిషి తెలివి?

ఆ పాలు జరమొచ్చిన పిల్లలకే కదా పోశాను, అది తప్పా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. చాలా బలమైన ప్రశ్న. చాలా ఏళ్లు నన్ను కాపాడింది. కానీ దాని వెనకాలే ఇంకో సంగతి ఉంది. ఇంతవరకు దాన్ని నాకు నేనే చెప్పుకోలేదు. ఆ రోజులన్నీ నా చాయ్‌లో పాలు మాత్రం తగ్గలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చిక్కగా కాచుకుని తాగాను. కష్టపడుతున్నానని.

బాలమణికి ఒంట్లో వణుకు. దుడ్డెకు చలి పెడుతుందని వసారాలో తన మంచం కోడుకే కట్టించుకుంది. అది రోజూ ఆమె చెయ్యి నాకుతూ ఉండేది. ఆకలితో నాకుతోందని నాకు తెలుసు. ప్రేమతో నాకుతోందని ఆమె అనుకునేది. దాని పక్కటెముకలు లెక్కబెట్టేలా తేలాయి. నేను చూసి గోనెపట్టా కప్పాను. చలికని కాదు. కనపడకుండా.

బాలమణి జరం దిగిన రోజు పొద్దున, దుడ్డెను విడవకపోయినా లచ్చి నాకు మొదటిసారి నిండుగా చేపింది. గెలిచానురా అనుకుంటూ చెంబు నెత్తిన పెట్టుకున్నంత సంబరంగా వసారాలోకి వచ్చాను. ఆమె మంచం మీద లేచి కూర్చుంది! ఎన్నాళ్లకు! కళ్లు తేటగా ఉన్నాయి. ఆ కళ్లతో కిందికి చూస్తోంది.

"లేస్తలేదేంది ఇది?"

వంగి చూశాను. మెడ వాలిపోయి ఉంది.

"పోయింది బాలమణీ."

ఆమె తన అరచేతిని చూసుకుంది. "నా జరమే తగిలిందా దీనికి? దినాం నా చెయ్యే నాకింది గద."

ఇక్కడ ఆగనివ్వండి.

అవును అనడానికీ కాదు అనడానికీ నాకు ఒక్క నిమిషం దొరికింది. ఇప్పుడే లేచిన మనిషికి నిజం చెబితే తట్టుకోదేమో అని ఆలోచించానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఉత్తదే. ఆ సాయంత్రం గల్లీవాళ్లు నాకు శాలువా కప్పడానికి వస్తున్నారని ముందే తెలుసు. నేను ఆలోచించింది శాలువా గురించి.

"గట్లనే ఉన్నట్టుంది," అన్నాను. "మనుషులే ఆగుతలేరు గిసొంటి జరానికి. నోరులేని జీవం, అదేం ఆగుతది."

ఆమె ఏడవలేదు. నేను దుడ్డెను ఎత్తుకుని పోయాను. సాయంత్రం శాలువా కప్పించుకున్నాను.

తర్వాత బాలమణి లచ్చిని జల్‌పల్లిలో బంధువుల ఇంటికి తోలించేసింది. మళ్లీ పాడి పెట్టలేదు. పాడి లేకుండా ఒక్క పూట ఉండలేని మనిషి. ఎవరైనా పసిపిల్లను చేతికిస్తే, తనకు కొంచెం తుమ్ము వచ్చినా, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగేది. పిల్లలంటే ఇష్టం లేదని గల్లీలో అనుకున్నారు. ఎందుకో నాకొక్కడికే తెలుసు. నోరెత్తలేదు. పైగా ఏం చేశానో తెలుసా? పెళ్లిళ్లలో, చాయ్ హోటల్లో, బార్కస్‌లో పాత దోస్తుల దగ్గర, దొరికిన ప్రతివాడికీ చీర కట్టుకున్న కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మీసం ఒక అంగుళం పెరిగేది. ఆమె వినేది. దుడ్డె మాట దగ్గరకొచ్చేసరికి లేచి వెళ్లిపోయేది. నేను ఆ ముక్క దాటేసి నవ్వించేవాణ్ని.

మొన్న షరీఫా బీ కొడుకు పెళ్లి. ఆనాడు ఆ పాలు తాగి లేచినవాడే, ఇప్పుడు నాకంటే ఎత్తు. నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టి కథ చెప్పమన్నారు. చెప్పాను. విరగబడి నవ్వారు. కొత్త కోడలు నవ్వుతూనే, పాపం దుడ్డె ఏమైంది చాచా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి బాలమణి అంది, "నేనే చంపిన బిడ్డా. నా జరంతోని."

మామూలుగా చెప్పింది. ఊరి పేరు చెప్పినట్టు. నేను చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేశాను.

మర్నాడు పొద్దున ఆమె జొన్నరొట్టె చేస్తుంటే గడపలో నిలబడ్డాను. "నాలుగో చన్ను గూడ పిండిన నేను," అన్నాను.

చేతులు ఆగాయి. "ఎప్పుడు?"

"నీకు జరమున్నన్ని దినాలు. దుడ్డె ఆకలికి సచ్చింది. జరానికి గాదు."

పెనం మీద రొట్టె మాడింది. ఆమె దాని వైపు చూడలేదు. "అయితే నాతోని గాలే," అంది. అడగలేదు. తనకు తానే చెప్పుకుంది. మళ్లీ అంది. "నాతోని గాలే!" ఆ మొహంలో వెలుగు చూశాను. మా పెళ్లినాడు కూడా అంత వెలుగు చూడలేదు. వెంటనే ఆ మొహం నా వైపు తిరిగింది. ఆ చూపు ఎలా ఉందో మీకు చెప్పలేను. తిట్టి ఉంటే బాగుండేది.

"పో," అంది. "షరీఫా ఇంట్ల చెప్పు. ఆ కోడలు పిల్లకు చెప్పు. గల్లీ అంత తిరిగి చెప్పు. ఇయ్యాల్నే."

చెప్పులు కూడా వేసుకోలేదు. పోయాను. నిజం చెబుతున్నాను, శాలువా కప్పినరోజు కూడా నా గుండె అంత గట్టిగా కొట్టుకోలేదు. షరీఫా బీ తలుపు తీసింది. వెనక కోడలు. చెప్పడం మొదలుపెట్టాను. గొంతు లేవలేదు. మా గుమ్మంలోంచి బాలమణి కేక వేసింది, "గట్టిగ చెప్పు! ఈడిదాంక ఇనపడ్తలేదు!"

గట్టిగా చెప్పాను. కిటికీలు తెరుచుకున్నాయి. ఇంకా గట్టిగా చెప్పాను. దుడ్డెను చంపింది నేను, బాలమణి కాదు. తర్వాతి ఇంటికి పోయాను. ఆ తర్వాతి ఇంటికీ. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మొహం తిప్పుకున్నాడు. తిప్పుకోనీ.

నా కథ గల్లీ దాటి కూడా చాలా దూరం పోయింది, నేనే పంపాను. చీర కట్టిన డ్రైవరు కథ ఎక్కడైనా విని నవ్వినవాళ్లలో మీరూ ఉన్నారేమో. అందుకే ఇది రాస్తున్నాను. బాలమణి నన్ను క్షమించలేదు. నేను అడగలేదు. అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. నా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. మొత్తం చెప్పేశాను. హాయిగా ఉంది.